రెండు డ్రమ్ముల దాణా

బూజు అమ్మడానికి వచ్చిన మనిషిని తులసి గేటు దగ్గరే ఆపేసింది.

"ముందు ఆ తొట్టిలో ముంచి రండి," అంది.

గేటు పక్కన సున్నం నీళ్ల తొట్టి ఉంది. బయటి జబ్బులు కోళ్ల షెడ్డులోకి రాకుండా, వచ్చినవాళ్లు ఎవరైనా అందులో చెప్పులు తడుపుకున్నాకే లోపలికి రావాలి. అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. కొత్తవి. తొట్టి వైపు చూశాడు. చెప్పులు విప్పి భద్రంగా చేత్తో పట్టుకుని, ఒట్టి కాళ్లతో తొట్టిలోకి దిగాడు.

"సెప్పులు ముంచమన్నానండీ. కాళ్లు కాదు."

"ఊరంతా తిరిగి వచ్చింది కాళ్లే కదండీ," అన్నాడు అతను.

తులసికి నవ్వొచ్చింది. ఆపుకుంది. నవ్వితే బేరం పాడవుతుందని తల్లి చిట్టమ్మ చిన్నప్పటినుంచీ చెబుతోంది. చిట్టమ్మ పురుషోత్తంపూర్ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. బేరం సంగతి ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

అతని పేరు హేమచంద్ర. బరంపురంలో గోసాని నువాగాం దగ్గర కూర్మారావు దాణా కొట్టు ఉంది చూడండి, ఆ కూర్మారావు కొడుకు. సంచిలోంచి చిన్న పొట్లం తీసి విప్పాడు. గోధుమరంగు పొడి. తులసి వాసన చూసింది. వానాకాలంలో తలుపు వేసి ఉంచిన వంటింటి వాసన వచ్చింది.

ఇది ఒక రకం ఫంగస్ అనీ, తవుడు మీద పెంచి ఆరబెట్టి పొడి చేస్తారనీ, దాణాలో కలిపితే కోళ్ల పేగులు బాగుపడతాయనీ అతను వివరించాడు. చాలా ఓపిగ్గా, ముందే బట్టీపట్టినట్టు చెప్పాడు.

"ఫంగస్ అంటే బూజే కదండీ," అంది తులసి.

"బూజే. కానీ మంచి బూజు."

"మా ఇంట్లో బూజు పడితే పారేస్తాం. మీ బరంపురంలో దానికి ధర కడతన్నారు."

హేమచంద్రకి కోపం రాలేదు. ఈ మాట అతనికి కొత్త కాదు. తండ్రి కూర్మారావు కూడా పది రోజుల కిందట ఇంచుమించు ఇదే అన్నాడు. మొక్కజొన్న బస్తాలకి బూజు పట్టకుండా ముప్పై ఏళ్లు కాపలా కాసిన కొట్టులోకి కొడుకే పది బస్తాల బూజు తెచ్చి దింపాడని, ఆయన రెండు పూటలు సరిగ్గా భోజనం చెయ్యలేదు.

"ఇడ్లీపిండి పులియకపోతే మీ ఇంట్లో ఏం చేస్తారండీ?" అని అడిగాడు హేమచంద్ర.

"సేపల పులుసు సేసుకుంటాం," అంది తులసి.

షెడ్డు గోడకి ఆనుకుని కూర్చున్న ముసలావిడ పకపకా నవ్వింది. ఆవిడ ముత్యాలమ్మ, తులసికి నాన్నమ్మ. హేమచంద్ర కూడా నవ్వేశాడు. ఆ నవ్వు చూశాక అతన్ని గేటు బయటికి పంపించడం కాస్త కష్టమైంది.

నిజానికి తులసి అతన్ని పంపించే పరిస్థితిలో లేదు. పొడంపేట పాత ఊరిని సముద్రం కొంచెం కొంచెం తినేసినప్పుడు, అందరితో పాటు వీళ్లూ ఇల్లు వెనక్కి జరుపుకుని కొత్త కాలనీకి వచ్చారు. తులసి తండ్రి జగ్గన్న పడవ అమ్మేసి, ఆ డబ్బుతో సరుగుడు తోపు పక్కన ఈ షెడ్డు వేశాడు. తొమ్మిది వందల కోళ్లు పడతాయి. మొదటి ఏడాది బాగానే సాగింది. తర్వాత వరసగా రెండు బేచులు చెడిపోయాయి. కోడిపిల్లలు తింటాయి గానీ ఒళ్లు పట్టదు. రెట్ట నీళ్లలా పడుతుంది, కింద పరిచిన ఊక తడిసి ముద్దవుతుంది, ఆ తడిలో ఇంకో జబ్బు. ఎన్ని మందులు పోసినా అంతే.

ఈ మూడో బేచ్ కూడా పోతే షెడ్డు రేకులు విప్పేస్తానని జగ్గన్న చెప్పేశాడు. మంగళూరు బోట్లమీదకి మనుషుల్ని తీసుకెళ్లే మేస్త్రి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నాడు. తులసి చిన్నతనమంతా జగ్గన్న ఆ బోట్లమీదే ఉన్నాడు. ఏడాదికి ఎనిమిది నెలలు తండ్రి అంటే ఫోన్‌లో గొంతే. ఆ గొంతు ఇప్పుడు రోజూ ఇంట్లో వినబడుతోందంటే ఈ షెడ్డు వల్లే. ఛత్రపురంలో డిగ్రీ చదివిన పిల్ల కోళ్ల రెట్ట ఎత్తడమేటని చుట్టాలు దెప్పినా ఆమె పట్టించుకోనిది అందుకే.

"మీ మాట నమ్మను. కోళ్ల మాట నమ్ముతాను," అంది చివరికి.

షెడ్డు మధ్యలో పాత వల అడ్డం కడతామంది. ఎడమపక్క పిల్లలకి పొడి కలిపిన దాణా నీలం డ్రమ్ములోంచి, కుడిపక్క వాటికి మామూలు దాణా తెల్ల డ్రమ్ములోంచి. మూడు వారాలకి తూకం వేసి చూడాలి. తేడా ఉంటే పొడి మంచిది, లేకపోతే బూజు బూజే.

"సరిగ్గా ఇలాగే చెయ్యాలండీ," అన్నాడు హేమచంద్ర, తన మాట ఆమె నోట విన్నట్టు ఆశ్చర్యపోతూ.

అమ్మకానికి వచ్చినవాడు అలా సంతోషపడటం తులసి అంతకుముందు చూడలేదు.

*

వారం తిరిగేసరికి అతను మళ్లీ వచ్చాడు. ఈసారి చెప్పులు పాతవి. తొట్టిలో తనంతట తనే ముంచాడు.

ఆ పూట కుడిపక్క ఒక కోడిపిల్ల చచ్చిపోయి ఉంది. తులసి చిన్న కత్తితో దాన్ని కోసి, పేగులు వేలిమీద పరిచి, చూడమని అతని ముందు పెట్టింది. హేమచంద్ర ముఖం తెల్లబోయింది. రెండడుగులు వెనక్కి వేసి సరుగుడు చెట్టుకి ఆనుకున్నాడు.

"మీరు కోళ్ల పేగుల గురించి గంటసేపు సెప్పినారు కదండీ."

"పుస్తకంలో చూశానండీ. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా రాదు."

ముత్యాలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. కోమట్ల ఇంటి పిల్లోడు, కోడిని తినడు, కోయడు, కోడి కడుపు గురించి మాత్రం బరంపురం నుంచి వచ్చి చెబుతాడు అని ఆవిడ ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వింది.

తేరుకున్నాక అతను చెప్పాల్సింది మాత్రం చక్కగా చెప్పాడు. తులసి భుజం మీద తువ్వాలు చూపించి, పేగు లోపలి గోడ కూడా ఇలాగే పోగులు పోగులుగా ఉంటుందన్నాడు. పోగులు బాగుంటే తిన్నది పీల్చుకుంటుంది, అరిగిపోతే నీళ్లలా బయటికి పోతుంది. ఈ పొడి ఆ పోగుల్ని కాపాడే మంచి క్రిములకి మేత.

తులసి భుజం మీద తువ్వాలు తీసి చూసుకుంది. మూడేళ్ల నాటిది, జల్లెడలా ఉంది. గబుక్కున మడిచి వెనక దాచుకుంది.

తర్వాతి వారం అతను వచ్చినప్పుడు వాన పట్టుకుంది. షెడ్డు చూరు కింద ముత్యాలమ్మతో కలిపి ముగ్గురూ నిలబడ్డారు. హేమచంద్ర రుషికుల్య బ్రిడ్జి దగ్గరే తడిసిపోయాడు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. తులసి అటు చూడకుండా ఉండటానికి కోళ్లు నీళ్లు తాగే డ్రింకర్లు లెక్కపెడుతూ నిలబడింది. పదిహేను ఉండాల్సినవి మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చాయి.

"మా తులసికి లెక్కలు బాగా వచ్చునయ్యా," అంది ముత్యాలమ్మ అతనితో, ఎటో చూస్తూ. "ఇయ్యాలే ఎందుకో రాటం నేదు."

దాణా వ్యాపారి వారానికోసారి రావక్కర్లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అతను ప్రతిసారీ ఏదో ఒక పని తగిలించుకుని వచ్చేవాడు. ఊకలో తడి చూడాలనో, నీళ్లలో ఉప్పు చూడాలనో. ఒకసారి ఏ పనీ దొరక్క, దారిలో టీ బాగుంటుందని వచ్చానన్నాడు. బరంపురం నుంచి గంటన్నర బండి తోలుకుని తాగేంత టీ ఆ దారిలో ఎక్కడుందో చెప్పమని తులసి అడిగితే, చెవులు ఎర్రబడి, మళ్లీ వెళ్లి చెప్పులు తొట్టిలో ముంచుకొచ్చాడు. ఆ రోజు నుంచి తులసే టీ పెట్టడం మొదలుపెట్టింది. అల్లం ఎక్కువ వేసేది. అతను దగ్గుతూనే తాగేవాడు.

షెడ్డు పని మాత్రం ఎవరి వాటా వాళ్లకి ఉండేది. తెల్లారగానే తులసి చెరువు గట్టు దాకా వెళ్లి ట్యాంకు మోటారు వేసి వచ్చేది. ఆ వేళకి ముత్యాలమ్మ దాణా పెట్టేది. జగ్గన్న ఊక తిరగవేసేవాడు, హేమచంద్ర కనబడితే "సావుకారు బాబూ, దండం" అని పక్కకి తప్పుకునేవాడు. జగ్గన్నకి ఈ పొడి మీద నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. నీటి మీద సంగతి తనకి తెలుసుననీ, ఈ రెట్టల సంగతి తెలీదనీ అనేవాడు.

కోళ్లు మాత్రం ఈసారి హుషారుగా ఉన్నాయి. ఊక పొడిపొడిగా ఉంది. తులసికి రాత్రిపూట నిద్ర పట్టడం మొదలైంది.

*

ఇరవై ఒకటో రోజు తూకం వేశారు. ఎడమపక్క నుంచి ముప్పై, కుడిపక్క నుంచి ముప్పై. హేమచంద్ర పుస్తకం పట్టుకుని రాశాడు, తులసి తూచింది.

రెండు పక్కలూ ఒక్కటే. పది గ్రాముల తేడా కూడా లేదు. పైగా ఆ కొంచెమూ పొడి వెయ్యని వైపే ఎక్కువ.

తులసి మళ్లీ తూచింది. అంతే.

హేమచంద్ర పుస్తకం మూశాడు. కోళ్లు బాగున్నాయిగా అంది తులసి, అతన్ని ఓదార్చాలనిపించి. బాగున్నది పొడి వల్ల కాదని తేలిపోయింది కదా, కొత్త ఊక వల్లో, ఈ ఏడు ఎండ వల్లో అయి ఉంటుందన్నాడు అతను. సాకు ఒక్కటీ చెప్పలేదు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

గంజాం కోళ్ల రైతులందరికీ వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. పొడి సంగతి తేలాక రాస్తానని తులసి అందులో ముందే మాటిచ్చింది. రాయక తప్పలేదు. రెండు వైపులా తూకం సమానం, పొడి వల్ల తేడా కనబడలేదు అని రెండు ముక్కలు రాసి, పంపించే ముందు చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంది.

పంపిన అయిదు నిమిషాలకి హేమచంద్ర నుంచే మొదటి జవాబు వచ్చింది. 'ఉన్నది ఉన్నట్టు రాశారు. ధన్యవాదాలు.'

తర్వాత మిగతావాళ్లు మొదలుపెట్టారు. బూజు బాబు అన్నారు. బరంపురంలో గోడలకి పట్టిన బూజు ఉచితంగా ఇస్తాం, పట్టుకెళ్లమన్నారు. కూర్మారావు కొట్టుకి వచ్చినవాళ్లంతా దాణా కొనకముందు బూజు ధర అడిగారట. ఆయన పది బస్తాలూ పొడి తయారుచేసిన భువనేశ్వర్ కంపెనీకి వాపసు పంపించెయ్యమన్నాడట. ఈ సంగతులన్నీ గ్రూపులోనే తెలిశాయి. తులసి ఎవరికీ జవాబివ్వలేదు. కానీ ఆ సాయంత్రం టీలో అల్లం వెయ్యడం మర్చిపోయింది.

అతను శాంపిల్‌గా ఇచ్చిన పొడీ అయిపోయింది, ఇక మళ్లీ ఎందుకని మర్నాటి నుంచి మానేసింది. రెండు డ్రమ్ముల్లోనూ మామూలు దాణాయే పోసింది.

*

నాలుగో రోజుకి వానలు ముదిరాయి. అయిదో రోజు పొద్దున్న తులసి షెడ్డు తలుపు తెరిచేసరికి ఆ వాసన కొట్టింది. కిందటి రెండు బేచులూ పోయినప్పటి వాసన.

ఎడమపక్క ఊక తడిగా ఉంది. కుడిపక్కా తడిగానే ఉంది. రెట్ట నీళ్లలా ఉంది, అందులో అరగని మొక్కజొన్న నూక పసుపుపచ్చగా కనబడుతోంది. జగ్గన్న వచ్చి చూశాడు. బయటికి వెళ్లి సరుగుడు చెట్టు కింద నిలబడి ఎవరికో ఫోన్ చేశాడు. ఆ రోజు ఆదివారం కాదు. మేస్త్రి చెయ్యకుండా తండ్రే ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

తులసి ఊక మీదే కూలబడింది. పొడి పని చెయ్యలేదనుకుంటే, పొడి ఆపగానే ఎడమపక్క ఎందుకు పాడైంది? పని చేసిందనుకుంటే, కుడిపక్క ఇన్నాళ్లూ ఎందుకు బాగుంది, ఇప్పుడెందుకు చెడింది? పైకే అనుకుంటోంది. ముత్యాలమ్మ దాణా బొచ్చె పట్టుకుని అక్కడే నిలబడి వింటోంది.

"నువ్వు పొడి మానేసినావు కదే," అంది. "అందుకే."

"ఎడంపక్కకి మానేసినాను మామ్మా. కుడిపక్కకి అసలెప్పుడు పెట్టినాం?"

ముత్యాలమ్మ బొచ్చె కింద పెట్టింది. కొంగు సర్దుకుంది.

"నేను పెట్టినాను," అంది.

తులసికి ముందు అర్థం కాలేదు.

"నీలం డ్రమ్ములోది ఇటో బొచ్చె, అటో బొచ్చె. తెల్ల డ్రమ్ములోది ఇటో బొచ్చె, అటో బొచ్చె. మొదటి రోజు కాడ్నించీ అలాగే పెట్టినాను. ఆ పక్క పిల్లలు వల కంతల్లోంచి మెడలు సాపి సూస్తంటే నాకు సెయ్యి ఆడలేదే."

"మామ్మా..."

"పడవ ఒడ్డుకొస్తే తాడు మీద సెయ్యేసిన ప్రతోడికీ పిడికెడు సేప ఇస్తాం. సెయ్యెయ్యకుండా ఒట్టినే నిల్చున్నోడికీ ఇస్తాం. ఒడ్డున నిల్చున్నోడు ఒట్టి సేతుల్తో ఎల్తే మళ్లీ వల్లో సేప పడదు. మీ తాత కాలం నుంచీ అంతే. మరి ఈటికి మాత్రం పక్కోడు తింటంటే సూస్తా కూకోమంటే ఎలాగే?"

తులసి నాన్నమ్మ ముఖం చూసింది. తిట్టాలనుకుంది. నవ్వు వచ్చింది, దాని వెనకాలే ఏడుపు వచ్చింది, రెండూ ఒకదానికొకటి అడ్డం పడి ఏదీ సరిగ్గా రాలేదు. అంటే రెండు పక్కలూ ఇన్నాళ్లూ పొడి తిన్నాయి. సగం సగం తిన్నాయి. అందుకే రెండూ బాగున్నాయి. రెండు పక్కలకీ ఒక్కరోజే ఆగిపోయింది. అందుకే రెండూ ఒక్కసారే చెడ్డాయి.

గ్రూపులో తను రాసిన రెండు ముక్కలూ గుర్తొచ్చాయి. 'ఉన్నది ఉన్నట్టు రాశారు' అన్నాడు పాపం.

"లే మామ్మా, సీర మార్చుకో," అంది. "బరంపురం ఎల్తన్నాం."

*

గోసాని నువాగాం కొట్టు ముందు ట్రాన్స్‌పోర్టు ఆటో ఆగి ఉంది. పది బస్తాలూ మూతులు కట్టి, మీద తాడు బిగించి ఉన్నాయి. కూర్మారావు వాపసు చీటీ రాస్తున్నాడు. హేమచంద్ర ఆటోలో బస్తా సర్దుతూ తులసిని చూసి అలాగే ఉండిపోయాడు, బస్తా సగం ఆటోలోనూ సగం చేతుల్లోనూ.

బస్సులో తులసి ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుంది. ముత్యాలమ్మ ఆ అవకాశం ఇవ్వలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కొట్టు మెట్టు మీదే చతికిలబడి, కూర్మారావుకి దండం పెట్టి, జరిగిందంతా బొచ్చె లెక్కతో సహా చెప్పేసింది.

"తప్పు నాది బాబూ. మా గుంటది కాదు, మీవోడి పొడిదీ కాదు."

కూర్మారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తప్పు ఎవరిదైనా చీటీ రాసేశాక సరుకు వెనక్కి దింపడం తమ కొట్లో లేదన్నాడు. తన తండ్రి నాటి నుంచీ లేదు. కంపెనీకి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా. కావాలంటే భువనేశ్వర్ నుంచి వారంలో మళ్లీ తెప్పించవచ్చు.

వారం అంటే కోళ్లు మిగలవు. తులసి ఆ మాట అనబోయింది.

లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చిన హేమచంద్ర తల్లి వరలక్ష్మి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. గ్లాసు ముత్యాలమ్మ చేతికిచ్చి, కొడుకు వైపు తిరిగింది.

"సగం పిల్లలకి పెట్టి సగం పిల్లలకి మానెయ్యమని ఈవిడకి ఎవడు చెప్పాడు?"

"నేనే అమ్మా. అది పరీక్ష..."

"నీకు పెట్టి మీ అక్కకి మానేస్తే నేను ఊరుకునేదాన్నా? పెద్దావిడ ఊరుకుంటుందా? ఇంత చదివావు, దాణా పెట్టే మనిషిని అడగాలని తెలీదేటి?"

హేమచంద్ర తల దించుకున్నాడు. అడగాల్సిన మాట అదేనని అతనికీ అప్పుడే తోచింది. తులసి నోరు చెంగుతో మూసుకుంది.

వరలక్ష్మి మెట్లు దిగి, ఆటో దగ్గరికి వెళ్లి, తాడు ముడి తనే విప్పడం మొదలుపెట్టింది. గట్టి ముడి. గోళ్లతో లాగింది. కొట్టు సరుకు మీద ఆవిడ చెయ్యి వెయ్యడం ముప్పై ఏళ్లలో ఎవరూ చూడలేదు.

"చీటీ రాసేశానే," అన్నాడు కూర్మారావు.

"పది కొట్టేసి తొమ్మిది రాయండి," అంది ఆవిడ ముడి మీంచి చూపు తిప్పకుండా.

ముత్యాలమ్మ లేచి వెళ్లి రెండో కొస పట్టుకుంది. వలల ముళ్లు విప్పిన చెయ్యి. క్షణంలో తాడు వదులైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దమ్మా, భోంచేసి వెళ్లండి అంది వరలక్ష్మి. మీ ఇంట సేప ఉండదు కదా తల్లీ, పచ్చడేసుకుని తింటాలే అంది ముత్యాలమ్మ.

హేమచంద్ర బస్తాని బండి ముందు పెట్టుకుని అప్పటికే వీధి మలుపు తిరిగిపోయాడు.

బస్సు దిగి తులసి షెడ్డుకి చేరేసరికి అతను పాంటు మోకాళ్ల దాకా మడిచి, జగ్గన్నతో కలిసి తడి ఊక తట్టలకెత్తుతున్నాడు. చేతులు మోచేతుల దాకా రెట్ట. ముఖం పక్కకి తిప్పుకుని ఊపిరి బిగబడుతున్నాడు, కానీ తట్ట దించట్లేదు. ఊక మార్చారు, సున్నం చల్లారు, పరదాలు కట్టారు. పొడి ఈసారి రెండు డ్రమ్ముల్లోనూ కలిపారు. ముత్యాలమ్మ ఎవరి భయమూ లేకుండా దాణా పెట్టింది.

నాలుగు రోజులు వరసగా అతను తెల్లారేసరికి గేటు దగ్గర ఉన్నాడు. పదకొండు కోళ్లు పోయాయి, తర్వాత ఆగాయి. అయిదో రోజు తులసి ఊక గుప్పిట్లో పట్టి పిండింది. విప్పితే పొడిగా జారిపోయింది. ఆ గుప్పెడూ తెచ్చి అతని అరచేతిలో పోసింది. ఇద్దరూ కాసేపు అలా ఊక చూస్తూ నిలబడ్డారు, అందులో చూడటానికి ఏమీ లేకపోయినా.

ఆ సాయంత్రమే గ్రూపులో రాసింది. 'నేను రాసింది తప్పు. పొడి రెండు పక్కలా తినిపించింది మా మామ్మ. నేను కనిపెట్టలేదు. హేమచంద్ర గారిని ఏడిపించినవాళ్లంతా ఆయనకి టీ బాకీ.'

*

ముప్పై ఎనిమిదో రోజు పొద్దున్నే బరంపురం నుంచి కోళ్ల బండి వచ్చింది. వ్యాపారి ఒకదాన్ని కాళ్లు పట్టి ఎత్తి, రొమ్ము నొక్కి చూసి, "భల కుకుడా" అన్నాడు. మంచి కోడి అని ఆయన ఒడియాలో అనడం ఏడాదిలో ఇదే మొదటిసారి. తూకం ఒక్కోటి రెండు కిలోలకి పిసరంత తక్కువ వచ్చింది.

బండి ఇంకా కదలకుండానే జగ్గన్న ఫోన్ మోగింది. మేస్త్రి.

"ఈ యేడు రాను," అన్నాడు జగ్గన్న. అవతల ఏదో అన్నారు. "నేదు, వచ్చే యేడూ నేదు. ఇక్కడ పనుంది."

తులసి డ్రింకర్లు కడిగే నెపంతో గబగబా అటు తిరిగిపోయింది. అప్పటికే కడిగేసిన డ్రింకర్లు.

మూడు రోజుల తర్వాత ఆమె తల్లితో సంతకెళ్లి తిరిగి వచ్చేసరికి ఖాళీ షెడ్డులో హేమచంద్ర గోడకి సున్నం వేస్తున్నాడు. జుట్టు మీద, కనుబొమ్మల మీద సున్నం చుక్కలు. కోళ్లు లేని షెడ్డుకి దాణా మనిషి ఎందుకొచ్చినట్టని అడిగింది తులసి.

"జరిగింది ఏదీ రుజువు కాదు," అన్నాడతను కుంచె ఆపకుండా. "ఊక మార్చాం, సున్నం చల్లాం. పొడి వల్లే బాగుపడ్డాయని నేను ఎక్కడా చెప్పుకోలేను. వచ్చే బేచ్‌కి మళ్లీ సరిగ్గా చెయ్యాలి."

"మామ్మ ఉండగా ఎలాగవుతాది?"

"రోజూ పొద్దున్న డ్రమ్ముల దగ్గర ఒక మనిషి ఉండాలి. నేనుంటాను."

"బరంపురం నుంచి రోజూ వస్తారా?"

"రోజూ."

"ముప్పై ఎనిమిది రోజులా?"

హేమచంద్ర కుంచె బకెట్‌లో పెట్టాడు. "ఈ బేచ్‌కి ముప్పై ఎనిమిది. దాని తర్వాత బేచ్‌కి కూడా వస్తాను. పొడి లేకపోయినా వస్తాను. నాకు నువ్వంటే ఇష్టం తులసీ. మొదటి రోజు సున్నం తొట్టిలో దిగినప్పుడు చెప్పులు విప్పింది తెలీక కాదు, నువ్వు చూస్తుంటే కంగారుపడి."

తులసికి గోడ మీద అతను వదిలేసిన చోటు ఒకటి కనబడితే, కుంచె తీసి తనే అక్కడ సున్నం రాసింది.

"నేను ఈ షెడ్డు వదిలి మీ కొట్లో కూకోలేను," అంది గోడవైపే చూస్తూ.

నీ షెడ్డు ఇక్కడే ఉంటుంది, ఆ ఇంటికి వస్తూ పోతూ ఉంటాం అని ఇంట్లో చెప్పేశానన్నాడు అతను. పొద్దున్న వస్తూనే జగ్గన్నకి కూడా చెప్పాడట. ఆయన చాలాసేపు సముద్రం వైపు చూసి, తర్వాత ఈ బకెట్ చేతికిచ్చి, సున్నం చిక్కగా కలుపుకో అన్నాడట. అందుకే పొద్దుటి నుంచీ గోడ దగ్గరే ఉన్నాడట. తులసి పరదా పక్కకి తీసి చూసింది. జగ్గన్న చెట్టు కింద కూర్చుని, పాత వల చిరుగులు కుడుతున్నాడు. ఇటు చూడనే లేదు. చూడనంత శ్రద్ధగా కుడుతున్నాడు.

"మీ నాన్నగారు?"

రెండు రోజులు మాట్లాడలేదని చెప్పాడు హేమచంద్ర. మూడో రోజు భోజనం దగ్గర, తప్పు తెలియగానే గ్రూపులో తనే రాసింది ఆ పిల్లేనా అని అడిగాడట. అవునంటే, అలాంటి మనిషి వ్యాపారంలో దొరకడం కష్టం అని మజ్జిగ పోసుకున్నాడట.

"అమ్మగారు?"

"అమ్మ ఒక్కటే అడిగింది. ఆ అమ్మాయికి చేప లేకుండా ముద్ద దిగుతుందా అని."

"ఏటి సెప్పినావు?"

"దిగదన్నాను. ఈ రోజు తాపీమేస్త్రీని పిలిపించింది. పెరటి వసారాలో నీకని ఇంకో పొయ్యి కట్టిస్తోంది."

తులసి కుంచె పట్టుకుని ఆలోచించింది. వరలక్ష్మి ఇల్లు ఆమె ఒక్కసారే చూసింది. అయినా పెరడు ఎటు ఉందో, గాలి ఎటు నుంచి వీస్తుందో మనసులో చూసుకుంది.

"ఫోన్ సేసి సెప్పు," అంది. "తూరుపు పక్కన కట్టించొద్దని. సముద్రం గాలికి సేప వాసన తిన్నగా ఇంట్లోకి కొడతాది. మీ అమ్మగారు పాపం, మొదటి రోజే ఇబ్బంది పడతారు."